పసిపిల్లల ఇంగ్లీషు: డాక్టర్ దగ్గర ఏమనాలి?

అమెరికాలో డైపర్ అన్నదే బ్రిటన్‌లో నాపీ. అమెరికావాళ్ల పాసిఫయర్ బ్రిటన్‌లో డమ్మీ. క్రిబ్ అన్నా, కాట్ అన్నా పిల్లల మంచమే. కూతురి కాన్పుకని వెళ్లిన అమ్మమ్మలకు ఇవి నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి.

తిప్పలంతా డాక్టర్ దగ్గరే. పాలు తాగాక బిడ్డ కాస్త కక్కితే ‘స్పిట్ అప్’, అది మామూలే. ‘వామిట్’ అంటే వాంతి; ఎన్నిసార్లు, ఏ రంగు అని అడుగుతారు. మన ‘లూజ్ మోషన్స్’ అక్కడి నర్సుకు అర్థం కాకపోవచ్చు, డయేరియా అనాలి. ‘వెట్ డైపర్స్’ ఎన్ని అని అడిగారంటే ఒంట్లో నీరు తగ్గిందేమో చూస్తున్నారన్నమాట, ఆ లెక్క గుర్తుండాలి. మాడు గుంటపడితే అదీ చెప్పాలి. మాడును ‘సాఫ్ట్ స్పాట్’ అంటారు.

‘ఫస్సీ’ అంటే చిరాకుగా ఏడుస్తున్నాడని. ‘లెథార్జిక్’ వేరు: లేపినా సరిగా లేవడు, పాలు పట్టడు, వాలిపోతాడు. అలా ఉన్న బిడ్డను ‘స్లీపీ’ అని చెప్పి ఊరుకోకూడదు.

ఇక జ్వరం. ఉత్త ‘ఫీవర్’ అంటే చాలదు. థర్మామీటర్ అంకె, బిడ్డ వయసు ఎన్ని వారాలో చెప్పాలి. మూడు నెలల లోపు పసికందుకు 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, చేరిందంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే చూపించాలి.