ముఖాముఖిలో ప్రశ్నలు అడగడం

ముఖాముఖి (ఇంటర్వ్యూ) అనగా ఒక వ్యక్తి అనుభవాలను, అభిప్రాయాలను ప్రశ్నల ద్వారా రాబట్టి పాఠకులకు, శ్రోతలకు లేదా ప్రేక్షకులకు అందించే ప్రక్రియ. పత్రికలు, రేడియో, టెలివిజన్‌లతో పాటు మౌఖిక చరిత్ర సేకరణలోనూ దీనిని ఉపయోగిస్తారు. ముఖాముఖి విలువ అతిథి ప్రఖ్యాతిపై కన్నా అడిగిన ప్రశ్నలపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందస్తు సన్నాహం

అతిథి రచనలను, పాత ప్రసంగాలను, ఇదివరకటి ముఖాముఖిలను చదివి ఉండడం ప్రశ్నించేవారి మొదటి బాధ్యత. పుట్టిన ఊరు, చదువు వంటి సులభంగా తెలిసే విషయాలను అడిగితే సమయం వృథా అవుతుంది. ప్రశ్నలను ఒక క్రమంలో రాసుకోవడం మంచిదే కాని, ఆ జాబితాకే కట్టుబడి ఉండరాదు. చాలా సందర్భాలలో మేలైన ప్రశ్న అతిథి ఇచ్చిన సమాధానం నుండే పుడుతుంది. కనుక వినడం కూడా ప్రశ్నించడంలో భాగమే.

ప్రశ్నలలో రకాలు

* వివరణ కోరే ప్రశ్నలు: ఎందుకు, ఎలా, ఏమి జరిగింది అని అడిగేవి. ఇవి అతిథిని మాట్లాడిస్తాయి.
* అవును-కాదు ప్రశ్నలు: ఒక్క మాటతో జవాబు చెప్పగలిగినవి. వాస్తవాన్ని నిర్ధారించుకోవడానికి ఉపయోగపడతాయి.
* అనుబంధ ప్రశ్నలు: అస్పష్టమైన సమాధానాన్ని విడమరచి చెప్పమని కోరేవి.
* సూచక ప్రశ్నలు: కావలసిన జవాబును తమలోనే ఇముడ్చుకున్నవి. న్యాయస్థానంలో సాక్షిని పిలిపించిన పక్షం తన ప్రాథమిక విచారణలో ఇటువంటి ప్రశ్నలు వేయడంపై 1872 నాటి సాక్ష్య చట్టం ఆంక్ష విధించింది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నియమాన్ని కొనసాగించింది.

ఉదాహరణకు ఒక చేనేత కార్మికుని "మగ్గం పని చాలా కష్టం కదా?" అని అడిగితే "అవునండీ" అన్న జవాబుతో సంభాషణ ఆగిపోతుంది. "ఒక చీర పూర్తి కావడానికి మీ ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు?" అని అడిగితే పని విధానం, స్త్రీల శ్రమ, పట్టిన రోజులు, గిట్టుబాటు అన్నీ ఆయన మాటల్లోనే బయటపడతాయి. ఒకేసారి రెండు మూడు ప్రశ్నలు కలిపి అడిగితే, అతిథి తనకు సులువైన దానికే జవాబిచ్చి తప్పించుకునే వీలుంటుంది.

ప్రసిద్ధ ఉదాహరణలు

అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌ను 1977లో డేవిడ్ ఫ్రాస్ట్ ప్రశ్నించాడు. వాటర్‌గేట్ కుంభకోణానికి సంబంధించి అంతగా వెలుగులోకి రాని సంభాషణల ప్రతులను పరిశోధకుడు జేమ్స్ రెస్టన్ జూనియర్ ముందుగానే సేకరించి ఇవ్వడం వలన ఫ్రాస్ట్ గట్టిగా నిలదీయగలిగాడు. దేశ ప్రజలను నిరాశపరిచానని నిక్సన్ ఆ కార్యక్రమంలోనే ఒప్పుకున్నాడు.

1997 మేలో బీబీసీ న్యూస్‌నైట్‌లో జెరెమీ ప్యాక్స్‌మన్ బ్రిటన్ మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్‌ను ఒకే ప్రశ్న పదే పదే అడిగాడు. సూటి జవాబు రాకపోవడమే ప్రేక్షకులకు ఒక సమాధానమైంది.

తెలుగులో

తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన జరిపిన సంభాషణలు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" పేరుతో వెలువడ్డాయి. నాయకుల చరిత్రలలో చోటు దక్కని అనుభవాలు, అడిగి ఓపికగా విన్నందువలన గ్రంథస్థమయ్యాయి. ఆ తరం వారు కాలం చేసిన తరువాత ఎంతటి మంచి ప్రశ్నకైనా జవాబు చెప్పేవారుండరు.

మర్యాద, పరిమితులు

బీబీసీ "ఫేస్ టు ఫేస్" కార్యక్రమంలో 1960లో జాన్ ఫ్రీమన్ మరణం గురించి అడిగిన ప్రశ్నకు గిల్బర్ట్ హార్డింగ్ కంటతడి పెట్టాడు. ఆ ప్రశ్న అడిగినందుకు ఫ్రీమన్ తరువాత విచారించాడు. అధికారంలో ఉన్నవారిని నిలదీయడం వేరు, దుఃఖంలో ఉన్నవారిని గుచ్చి గుచ్చి అడగడం వేరు. బాధితులను ప్రశ్నించేటప్పుడు వారి అనుమతి తీసుకోవడం, చెప్పడం ఇష్టం లేని విషయాన్ని వదిలివేయడం అవసరం. ముద్రణ లేదా ప్రసారం కోసం సమాధానాన్ని కుదించినపుడు దాని అర్థం మారకుండా చూడడం కూడా ప్రశ్నించినవారి బాధ్యతే.

ఇవి కూడా చూడండి

* పాత్రికేయ వృత్తి
* మౌఖిక చరిత్ర
* ఆకాశవాణి