రంగమునుండి మరలివచ్చినవారు

మన పెద్దలు రంగూనును రంగమనెడివారు. గంజాము మొదలు గోదావరి వరకును "రంగము పోయినాడు" అన్న మాట వినబడని యూరు అరుదు. యానాము చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన కారణమున బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు కలిగెను. 1839 నాటి తుపానులో కోరంగి పాడయినను ఆ పేరు మాత్రము నిలిచెను. పిదప కాకినాడ, విశాఖపట్టణము, మన గోపాలపురము రేవులనుండి పొగయోడలు నడచెను. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని తెలుగువారు లక్షన్నర ప్రాంతమున ఉండిరి. రేవులో బరువులు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు వారిలో పెక్కురు.

పొట్టకూటికై పోయినవారు ప్రాణములు దక్కించుకొని మరలవలసిన దినములు మూడు మారులు వచ్చెను.

మొదటిది 1930 మే నెల. రేవులోని తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె ముగియగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. ఇరువురును పేదలే. ఒకరి కూడు ఒకరు లాగుకొన్నట్లు తోచి 26వ తేదీన కలహము చెలరేగెను. ఎందరో తెలుగువారు హతులైరి.

రెండవది యుద్ధకాలము. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చి 8న నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. తక్కినవారు కాలినడకను అరకాను కొండలు దాటిరి. తమూ మీదుగా ఇంఫాలు చేరిరి. హుకాంగు లోయగుండ లీడోకు వచ్చిరి. నాలుగు లక్షలకు మించినవారు భారతదేశము చేరగా, వేలకొలది జనులు కలరాకు, మలేరియాకు, ఆకలికి బలియైరి. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి అను వివక్షపై ఆనాడే నిరసన లేచినది. అయినను అస్సాము తేయాకు తోటల సంఘమువారు దారిపొడవున శిబిరములు నెలకొల్పి అన్నము, మందులు అందించిరి. ఆ శిబిరములు కట్టి, బరువులు మోసిన చేతులు తోటకూలీలవని మరువరాదు.

మూడవది 1964. బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసెను. మే నెలలో పెద్దనోట్లను రద్దుచేసెను. కూడబెట్టినదంతయు ఒక్కనాటిలో పోయెను. భారత ప్రభుత్వము ఓడలు పంపగా మద్రాసునందును విశాఖపట్టణమునందును వేలమంది దిగిరి. భారత పౌరులగుటచే వీరిని శరణార్థులనక స్వదేశమునకు మరలినవారనిరి. ఆ పేరుమీదనే శిబిరములు, వ్యాపారపు అప్పులు, ఇండ్లస్థలములు లభించెను. 1969లో ఇట్లు మరలివచ్చినవారికొరకు రెప్కో యను సహకార బ్యాంకు ఏర్పడెను. విశాఖలో బర్మాక్యాంపు అను పేట నేటికిని కలదు.

సహాయము కలదు, కాని సహాయమునకు తలుపు కాగితము. ఇది మేము గుమాస్తాగా నేర్చిన సంగతి. 1982 ప్రాంతమున ఒక వృద్ధురాలు చిన్న అప్పుకై మా కార్యాలయమునకు అర్జీ తెచ్చినది. ఓడ దిగిననాడు ఇచ్చిన ధ్రువపత్రము తుపానులో తడిసి చెడినదట. మేము నియమము చూచి, "ఆధారములు లేవు" అని వ్రాసి అర్జీ మరలించితిమి. శిబిరపు పట్టికలో పేరుండును, నకలు కోరుమని చెప్పుట ఆనాడు మాకు తోచలేదు. ఆమె మరల రాలేదు. మేము వ్రాసిన వేలకొలది వ్రాతలలో ఆ రెండుమాటలే నేటికిని కన్నులకు కట్టుచున్నవి.

మా తాతగారును 1942లో నడచివచ్చినవారే. దారిలో ఎవరో ఒక ముంతెడు గంజి పోసిరని చెప్పెడివారు. వారి ఊరుపేరు అడుగనైనను లేదని నొచ్చుకొనెడివారు. గంజి పోసినవారు మాత్రము ఆయనను ఏ కాగితమును అడుగలేదు.

కావున మన కుటుంబములవారికొక మనవి. పెట్టెల అడుగున ఓడచీటీగాని, శిబిరపు కార్డుగాని, రంగమునుండి వచ్చిన ఉత్తరముగాని యున్నచో పారవేయకుడు. ఒక నకలు సంఘమునకిండు. పెద్దలు చెప్పిన ఊళ్లపేర్లు, సంవత్సరములు వ్రాసియుంచుడు. ఇక మన యూరికి ఎవరైనను ఇల్లువాకిలి విడిచి వచ్చినచో, వారు ఏ భాషవారైనను సరే, ముందుగా గంజి పోయుడు. పిదప చదువువచ్చినవారొకరు ప్రక్కన కూర్చుండి వారి అర్జీ వ్రాసిపెట్టుడు. ఈ రెండవపని మేము ఆనాడు చేయవలసియుండెను.