చావక మిగిలిన కొన్ని

పెన్సిలిన్ చరిత్ర మనకు విజయగాథగానే పరిచితము. 1928లో లండను నగరమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు చుట్టును సూక్ష్మజీవులు నశించుట గమనించారు. 1940లో ఆక్స్‌ఫర్డున ఫ్లోరీ, చెయిన్ పండితులు ఆ బూజునుండి తీసిన సారము చిట్టెలుకలను మృత్యుముఖమునుండి తప్పించగలదని నిరూపించారు. రెండవ ప్రపంచయుద్ధము ముగియకముందే అది గాయపడిన సైనికులకు ప్రాణదాత అయినది. ఇదంతయు సత్యమే. అయితే ఈ విజయపు లెక్కలో మొదటినుండియు ఒక స్వల్పశేషము మిగులుతూనే ఉన్నది. ఆ శేషము యొక్క చరిత్రనే మనమిప్పుడు పరిశీలింతము.

1942లో అమెరికాలో గ్లాడిస్ హాబీయు, ఆమె సహచరులును పెన్సిలిన్ పనిచేయు తీరును పరీక్షించారు. వృద్ధి పొందుతున్న సూక్ష్మజీవులనే అది చంపుతున్నదనియు, నూటికి తొంభైతొమ్మిది నశించినను ఒకటి మిగులుతున్నదనియు వారు గమనించారు. 1944లో ఐర్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బిగ్గర్ ఈ సంగతిని మరింత లోతుగా శోధించారు. చీము పుట్టించు స్టాఫిలోకాకస్ జీవులపై ఆయన పెన్సిలిన్‌ను ప్రయోగించగా దాదాపు అన్నియు చచ్చినవి. పది లక్షలకు ఒకటి చొప్పున మాత్రము బ్రతికినవి.

ఇవి మందును జయించిన కొత్త జాతియా? బిగ్గర్ ఆ ప్రశ్నకు ప్రయోగముతోనే సమాధానము రాబట్టారు. మిగిలినవానిని తాజా ఆహారములో పెంచి, వాని సంతతిపై మరల పెన్సిలిన్ ప్రయోగించారు. సంతతి పూర్వమువలెనే నశించినది. పూర్వమువలెనే కొన్ని మిగిలినవి. అనగా వాని బలము వంశపారంపర్యమైనది కాదు. అది ఆ క్షణమున ఆ జీవి ఉన్న స్థితికి సంబంధించినది. బిగ్గర్ వీనికి 'పెర్సిస్టర్లు' అని పేరిడినారు. 'పట్టు విడువనివి' అని మనము చెప్పుకొనవచ్చును.

కారణము పెన్సిలిన్ స్వభావములోనే ఉన్నది. పెరుగుతున్న సూక్ష్మజీవి తన కవచమును ఎప్పటికప్పుడు కట్టుకొనవలెను. పెన్సిలిన్ ఆ నిర్మాణమును చెడగొట్టును. బలహీనపడిన కవచము పగిలి జీవి నశించును. పెరుగుట మానివేసి నిద్రాణముగా ఉన్న జీవికి కట్టుబడి పనియే లేదు. ఇక చెడగొట్టుటకేమున్నది?

బిగ్గర్‌కు ఇచ్చట టిండాల్ మార్గము తోచినది. 1877లో జాన్ టిండాల్, మరిగించినను చావని సిద్ధబీజములను జయించుటకు ద్రవమును ఒక్కమారుగాక విడతలుగా కాచు ఉపాయము కనుగొన్నారు. నడుమ విరామములో మొలకెత్తినవి తరువాతి కాపులో నశించును. పెన్సిలిన్‌ను కూడ అట్లే విడతలుగా ఇవ్వవచ్చునని బిగ్గర్ సూచించారు. ఆ సూచన వైద్యములో సాధారణ పద్ధతిగా స్థిరపడలేదు. మందును పూర్తిగా ధిక్కరించు నిరోధక జాతులు తలెత్తగా పండితుల దృష్టి అటు మళ్ళినది.

1983లో మోయెడ్, బెర్ట్రాండ్ అను అమెరికను శాస్త్రజ్ఞులు, పేగులలో నివసించు ఇ. కోలై జీవిలో ఒక జన్యువు మారినచో పట్టు విడువనివాని సంఖ్య ఎన్నో రెట్లు పెరుగునని చూపారు. 2004లో నతాలీ బాలబన్, ఆమె సహచరులు అతిసన్నని గాడులలో ఒక్కొక్క జీవిని విడివిడిగా ఉంచి సూక్ష్మదర్శినితో కనిపెట్టారు. మందుకు తట్టుకొన్నవి మందు రాకపూర్వమే మందకొడిగా పెరుగుతున్నవని తేలినది. ఒకే తల్లికి పుట్టి, ఒకే జన్యుసంపద గలిగి, ఒకే ఆహారము తిను జీవులలో కూడ, లోపలి ప్రోటీనుల పరిమాణము యాదృచ్ఛికముగా హెచ్చుతగ్గులగుటచే కొన్ని నిద్రలోనికి జారుకొనును.

నిద్రించునది సంతతిని పెంచలేదు, అది నష్టమే. కాని ఆపద వచ్చినపుడు వంశమును నిలుపునది అదియే. మన రైతుకు ఈ నీతి కొత్త కాదు. చేను దున్నినను మట్టిలో నిద్రించు తుంగగడ్డలు మరల మొలకెత్తునని ఎరిగినవాడు గనుకనే అతడు ఒక్క కలుపుతీతతో ఊరుకొనడు.

ఈ శేషము మనుష్యుల ప్రాణములతో ముడిపడిన వ్యాధులలో క్షయ ముఖ్యమైనది. 1956లో మద్రాసున స్థాపితమైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇంటివద్దనే మందులు వాడిన రోగులు శానిటోరియములో ఉన్నవారివలెనే కోలుకొనగలరని 1959లో ప్రకటించినది. ఆ చికిత్స ఒక సంవత్సరము సాగినది. తరువాత రిఫాంపిసిన్, పైరజినమైడ్ మందుల సాయమున గడువు ఆరు నెలలకు తగ్గినది. కాని అంతకన్న తగ్గించుట కష్టసాధ్యమైనది. తొలి వారములలోనే క్రిములలో అధికభాగము నశించి, జ్వరము, దగ్గు తగ్గును. మిగిలిన నెలలన్నియు ఆ మందకొడి శేషము కొరకే. నడుమ మందు మానినవారికి వ్యాధి తిరుగబెట్టినపుడు, పలుమార్లు ఆ క్రిములు పాతమందుకే లొంగుట వైద్యులు చూచారు. బిగ్గర్ గాజునాళికలో చూచినదియు ఇదియే.

ఇంకొక హెచ్చరికయు కలదు. మందుకు తట్టుకొని నిలుచు జీవులనుండి, మందును ధిక్కరించు జాతి త్వరితముగా పుట్టగలదని 2017లో ప్రయోగశాలలో నిరూపితమైనది. కావున ఒళ్ళు తేలికపడినదని క్షయరోగి మందు మానుట తగదు. తేలికపడినది రోగికే, క్రిములలో కొన్ని ఇంకను నిద్రలో ఉన్నవి. అవి లేచునప్పటికి మందు అక్కడ ఉండవలెను.