మూడు నిషేధాలు – నిత్యజీవితం: ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవుల విశ్వాసాచరణ (1866–1878)

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలో క్రైస్తవ ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా బైబిలు అనువాదాలు, అచ్చుయంత్రం, నిఘంటువులు, పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు చర్చకు వస్తాయి. ఇవన్నీ గ్రంథస్థమైన క్రైస్తవానికి ఆధారాలు. అక్షరజ్ఞానానికి దూరంగా ఉంచబడిన వేలాదిమంది ఆ మతాన్ని స్వీకరించిన తరువాత వారి రోజువారీ జీవితం ఎలా మారిందనే ప్రశ్నకు వీటిలో సమాధానం తక్కువ. విశ్వాసం ప్రార్థనా మందిరంలో మాత్రమే కాక కళ్లంలో, వంటకుండలో, ఊరి జాతరలో ఏ రూపం ధరించిందో తెలుసుకోవాలంటే నిత్యాచరణను పరిశీలించాలి. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు పరిసరాల్లోని మాదిగ క్రైస్తవుల అనుభవం ఇందుకు తగిన ఉదాహరణ. వారు పాటించిన మూడు నిషేధాలు చూడడానికి మత నియమాలే అయినా, ఆచరణలో అవి ఊరితో వారికున్న శ్రమ సంబంధాలనే కదిలించాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆధారాలు – పరిమితులు

ఈ అంశానికి ప్రధానాధారాలు రెండు. మొదటిది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అనుభవాలను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అక్షరబద్ధం చేసిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914). రెండవది మాదిగ పెద్దల కథనాల ఆధారంగా ఆమె రాసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ (1899). రెండూ ఆంగ్లంలో, మిషనరీ దృష్టితో వెలువడినవే. మాదిగల మాట వీటిలో అనువాదమై, వడపోతకు గురై మనకు చేరుతున్నది. కనుక మిషనరీ ఏమి బోధించాడన్న దానికంటే, ఆ బోధను పాటించినవారికి ఊరిలో ఏమి జరిగిందన్న వివరాలే ఇక్కడ ఎక్కువ విలువైనవి.

పేరయ్య – తొలి సంఘం

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో ప్రారంభమై 1840లో నెల్లూరులో స్థిరపడింది. మూడు దశాబ్దాలు గడిచినా దానికి దక్కిన ఫలితం స్వల్పం. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తన భార్యతో కలిసి బాప్తిస్మం పొందడంతో పరిస్థితి మారింది. అదే సంవత్సరం క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

పేరయ్య మత జీవితం మిషనరీ రాకతో మొదలైంది కాదు. అంతకుముందే అతడు రాజయోగ మార్గాన్ని అభ్యసించి, ఆ మార్గాన్ని ఇతరులకు బోధించిన గురుస్థానీయుడు. విగ్రహానికి అతీతుడైన దైవాన్ని వెతికే ఆలోచన మాదిగవాడల్లో అప్పటికే వ్యాపించి ఉంది. ఒక గురువు మాట మీద జీవన విధానాన్ని మార్చుకోవడం వారికి కొత్త కాదు. క్రైస్తవ నియమాలు వాడల్లో వేగంగా వేళ్లూనడానికి గల కారణాల్లో ఈ పూర్వానుభవాన్ని కూడా లెక్కించాలి.

క్లౌ సంఘంలో చేరినవారి నుంచి ప్రధానంగా కోరినవి మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వేదాంత సూక్ష్మాలతో పనిలేని ఈ నియమాలు ఎవరికైనా గుర్తుండేవి. పాటించారో లేదో ఎదుటివారికి కనిపించేవి కూడా.

ఊరి కట్టుబాటులో మాదిగ శ్రమ

ఈ నియమాల బరువు తెలియాలంటే ఊరిలో మాదిగల స్థానం తెలియాలి. రైతుకు చెప్పులు, ఎడ్లకు పట్టీలు, వారులు, కపిలకు తోలు బాన సమకూర్చవలసింది మాదిగలే. చచ్చిన పశువును ఊరి నుంచి తొలగించడం, జాతరలో డప్పు కొట్టడం, దండోరా వేయడం కూడా వారి విధులు. ప్రతిఫలంగా పంట కాలంలో కళ్లంలో మేర, చచ్చిన పశువు చర్మం, మాంసం దక్కేవి. ఇందులో కూలి, ఆచారం, అవమానం విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి. ఒక విధిని మానుకుంటే మిగిలినవన్నీ కదిలేవి.

ఆదివారం: కాలంపై హక్కు

వ్యవసాయ గ్రామంలో పనికి వారం లేదు, అదును ఉంది. కోత, నూర్పుడు, తోడకం పంటను బట్టి సాగుతాయి. పిలిచినప్పుడు రావడం మాదిగ విధి. అటువంటి చోట ఏడు రోజులకొకసారి ‘ఈ రోజు రాము’ అనడం కేవలం విశ్రాంతి కాదు. తన కాలంలో కొంత భాగం భూస్వామిది కాదని ప్రకటించడం. నూర్పుడు రోజు ఆదివారమైతే దక్కవలసిన గింజలు దక్కకపోవచ్చు. అందుకే ఆదివారాచరణ భక్తులకు ఆరాధనగా, రైతులకు ధిక్కారంగా కనిపించింది.

ఆహారం: వంటకుండలో విశ్వాసం

రెండవ నిషేధం నేరుగా ఆకలితో ముడిపడింది. చచ్చిన పశువు మాంసం పేదవాడలో రుచి కోసం తిన్నది కాదు. దొరికే ఆహారం అదే కనుక తిన్నది. పైగా, దాన్ని తినడమే అస్పృశ్యతకు సమర్థనగా ఊరు చూపేది. పని చేయించి ఆ మాంసాన్ని కూలిగా ఇచ్చే వ్యవస్థే, దాన్ని తిన్నందుకు మనిషిని అంటరానివాడిగా చూసింది. ఈ వైరుధ్యం వల్ల నిషేధానికి రెండు అర్థాలు వచ్చాయి. ఒక వైపు అది ఆత్మగౌరవ చర్య. మరో వైపు, ఊరి అసహ్యాన్ని పరోక్షంగా అంగీకరించినట్లు కూడా అవుతుంది. చర్మంతో పని మానలేని కులానికి మాంసం మాత్రం మానుకొమ్మని చెప్పడంలోని ఇబ్బందిని విస్మరించలేము. ఈ నియమ భారం ఇంట్లో కుండ దించే స్త్రీ మీద ఎక్కువగా పడిందని ఊహించడం అసమంజసం కాదు.

డప్పు: పోయినదీ మిగిలినదీ

మూడవ నిషేధం డప్పు దగ్గర సంఘర్షణగా మారింది. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం విగ్రహారాధనలో భాగమని భావించి క్రైస్తవులు ఆ విధికి దూరమయ్యారు. డప్పు లేకుండా జాతర జరగదు. కాబట్టి మొదటి రెండు నియమాల కంటే ఇది ఊరినంతటినీ తాకింది.

అయితే డప్పు వెట్టికి గుర్తు మాత్రమే కాదు. తరతరాలుగా అందివచ్చిన విద్య, వాద్యం, వాడకు సొంతమైన కళ. దానిని వదలడం వెట్టి నుంచి విముక్తి అయినంత నిజంగానే ఒక కళాసంపదకు దూరం కావడం కూడా. మిషను ఆధారాల్లో మొదటి అంశం విజయంగా నమోదైంది. రెండవ దాన్ని నష్టంగా లెక్కించినవారు అరుదు.

ఊరి ప్రతిస్పందన

నిషేధాలు ఆర్థిక సంబంధాలను కదిలించాయనడానికి బలమైన ఆధారం ఊరి పెద్దలు తీసుకున్న చర్యల్లోనే ఉంది. క్రైస్తవుల బట్టలు ఉతకవద్దని చాకలివారికి, వారికి కుండలు అమ్మవద్దని కుమ్మరివారికి చెప్పినట్లు, వారి పశువులను ఊరి బీడులోకి రానివ్వనట్లు, చెప్పులు కుట్టే పని ఆపివేసినట్లు, పంట కాలంలో పనికీ గింజలకూ దూరం చేసినట్లు క్లౌ గ్రంథం తెలుపుతుంది. ఇవేవీ మత వాదనలు కావు. క్రీస్తు దేవుడా కాదా అని ఎవరూ చర్చించలేదు. విశ్వాసం నిత్యజీవితంలో ప్రవేశించిన మార్గాలలోనే దానికి శిక్ష కూడా ఎదురైంది.

కరువు – కాలువ

1876–78 నాటి మహాకరువు ఈ ఆచరణకు కఠిన పరీక్ష. బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకున్నాడు. బోధకులు అక్కడ మేస్త్రీలుగా పనిచేశారు. పగలు మట్టి మోసినవారితో విరామ వేళల్లో కూర్చుని మాట్లాడేవారు. అన్నం కోసం మతం మారారన్న నింద రాకుండా క్లౌ సుమారు 15 నెలలు బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయం ముగిసిన తరువాత 1878 జూన్‌లో తిరిగి ప్రారంభించాడు. జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషను చరిత్రలు ఈ సంఖ్యను శిఖరంగా చూపుతాయి. నిత్యాచరణ కోణంలో మాత్రం ఆ రోజు ప్రారంభం మాత్రమే. నదిలో నుంచి బయటికి వచ్చిన ప్రతి ఒక్కరూ మళ్లీ అదే ఊరికి, అదే కళ్లానికి, అదే జాతరకు తిరిగి వెళ్లవలసినవారే.

సాహిత్యంలో ప్రతిఫలనం

ఈ అనుభవాన్ని వాడ వైపు నుంచి తెలుగులో విస్తారంగా పలికించిన రచన జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ (2000). అందులో ఎల్లన్న కళాకారుడు. అతని కుమారుడు శివయ్య కరువు కాలంలో భార్య శశిరేఖతో కాలువ పనికి బయలుదేరి, చివరికి క్రైస్తవంలోకి ప్రవేశిస్తాడు. కళ ఒక తరంలో, క్రైస్తవం తరువాతి తరంలో ఒకే కుటుంబ చరిత్రగా కనిపించడం గమనార్హం. మిషను గ్రంథాలు విడివిడిగా చూసిన పాటనూ ప్రార్థననూ నవల ఒకే వంశవృక్షంలో నిలిపింది. మతాంతరాన్ని తెంపుగా మాత్రమే కాక కొనసాగింపుగా కూడా చదవవలసిన అవసరాన్ని ఈ కథా నిర్మాణం సూచిస్తుంది.

ముగింపు

ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవులకు విశ్వాసం ముందుగా సిద్ధాంతంగా కాక మూడు ‘వద్దు’ల రూపంలో అందింది. ఆదివారం వారికి కాలం మీద, ఆహార నియమం శరీరం మీద, డప్పు నిరాకరణ తమ శబ్దం మీద కొంత అధికారాన్ని ఇచ్చాయి. దానికి వారు మేరతో, పనితో, కొంతవరకు తమ కళతో మూల్యం చెల్లించారు. మతాంతర చరిత్రను మిషనరీ దయగానో, ఆకలి బేరంగానో కుదించే వ్యాఖ్యానాలు రెండూ ఈ మూల్యాన్ని లెక్కలోకి తీసుకోవు.

1994 జులై 7న ఇదే ప్రాంతంలోని ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఏర్పడింది. ‘దండోరా’ అనే పేరుతో అది ప్రజల్లోకి వెళ్లింది. ఒకనాడు ఊరి ఆజ్ఞకు కొట్టిన డప్పు ఈసారి సొంత హక్కు కోసం మోగింది. నాడు డప్పు కొట్టనన్న నిరాకరణలోనూ, నేడు దాన్ని చేతిలోకి తీసుకున్న నిర్ణయంలోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే: ఎవరి కోసం మోగాలో నిర్ణయించేది ఎవరు? ఒంగోలు పరిసరాల తొలి క్రైస్తవుల నిత్యజీవితాన్ని ఆ ప్రశ్నకు తొలి సమాధానాల్లో ఒకటిగా అధ్యయనం చేయవలసి ఉంది.