దాణా మారితే క్లోమానికి కబురు ఎవరు పంపుతారు?

నా బీటెక్ దోస్తు ఒకడు వనపర్తి దగ్గర సొంతూర్లో పందుల షెడ్డు వేసిండు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా తరతరాలుగా పందుల్ని సాకింది ఎరుకల వాళ్లు. ఆ పనిని చిన్నచూపు చూసినోళ్లలో నేనూ ఉన్నా. సరే, మావోడు పిల్లల్ని తల్లి పాల నుంచి ఒక్కరోజులో విడదీసి, మక్కలు, సోయా దాణా పెట్టిండు. అన్నిటికీ విరేచనాలు పట్టినై. నాలుగు పిల్లలు పోయినై.

దాణా కల్తీదా? కాదు. విరేచనాలకు కారణాలు చాలానే ఉంటాయి కానీ, అందులో ఒకదాని వెనక పెద్ద చరిత్ర ఉంది.

ఎంజైములు తయారుచేసేది క్లోమం. రష్యాలో పావ్లోవ్ కుక్కలకు రొట్టె, మాంసం, పాలు వేర్వేరుగా పెట్టి, తిండిని బట్టి క్లోమరసం మారుతుందని 1897లో రాశారు. కబురు మోసేవి నరాలే అనుకున్నారు.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగు ముక్కకు నరాలన్నీ కోసేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసం వదిలింది! ఆ పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కిస్తే మళ్లీ అదే జరిగింది. అంటే కబురు నరాల్లోనే కాదు, రక్తంలో కూడా వెళ్తుంది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ వాడిన 'హార్మోన్' అనే మాట ఈ కథలోంచే వచ్చింది.

తర్వాత స్టాక్‌హోమ్‌లో యోర్పెస్, మట్ పంది పేగుల నుంచే సెక్రెటిన్‌ను, కోలిసిస్టోకైనిన్‌ను శుద్ధి చేశారు. మాంసకృత్తులు తగిలితే పేగు కోలిసిస్టోకైనిన్ వదులుతుంది. అది క్లోమాన్ని తట్టి, ఉన్న ఎంజైములు బయటికి పంపిస్తుంది. అదే తిండి రోజుల తరబడి కొనసాగితే, ఆ తిండికి పనికొచ్చే ఎంజైముల తయారీయే పెరుగుతుంది.

కీలకం ఆ 'రోజుల తరబడి' అన్న మాటే. పాలకు అలవాటైన పిల్లలో పిండిపదార్థాన్ని విరిచే అమైలేజ్ ఇంకా తక్కువ. కొత్త దాణా ఒక్కసారిగా పడితే సరిగా అరగదు. మిగిలింది పేగులో పులుస్తుంది.

ఈసారి మావోడు తల్లి దగ్గర ఉండగానే పిల్లలకు కొంచెం కొంచెం దాణా అలవాటు చేస్తుండు. నేను సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నా కాబట్టి ఒకటి చెప్తా: పాత సర్వర్ మీద కొత్త లోడ్ ఒకేసారి వేయం. పేగుకూ అంతే, టైమ్ ఇవ్వాలి. మీ ఊర్లో పందులు సాకే పెద్దమనుషులు పిల్లలకు దాణా ఎట్లా అలవాటు చేస్తరో అడిగి, కామెంట్లో రాయండి.