తడి పాకుతుంది

సన్నని సందుల్లోకి నీరు తనంత తానే చొరబడే గుణానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు ‘కేశనాళికీయత’. నీటి సంగతి చెప్పే మాటే అయినా, పలికేసరికి నోరెండిపోతుంది. లాటిన్‌లో వెంట్రుకను ‘కాపిల్లుస్’ అంటారు. ఆ మూలం నుంచి ఐరోపా పండితులు చేసుకున్న మాటను మనవాళ్లు సంస్కృతంలోకి దించారు: కేశమంత సన్నని నాళిక.

ఆ పోలిక లెక్కకు నిలుస్తుంది. గొట్టం ఎంత సన్నబడితే నీరు అంత ఎత్తుకు పోతుందని 1718లో జేమ్స్ జూరిన్ తేల్చాడు. 2 మి.మీ. వ్యాసమున్న శుభ్రమైన గాజు గొట్టంలో నీరు ఒకటిన్నర సెంటీమీటర్లు లేస్తుంది. వ్యాసం 0.07 మి.మీ., అంటే ఇంచుమించు తలవెంట్రుక మందమే అయితే 40 సెం.మీ. దాటుతుంది. చిక్కల్లా ఒంట్లోని సన్నని రక్తనాళాలకూ ఇదే పేరు పెట్టడంతో వచ్చింది. అక్కడ రక్తం గుండె తోస్తే నడుస్తుంది గానీ ఈ గుణం వల్ల కాదు.

సందుల్లో నీటి నడకకు వాడుకలో ఉన్నవి క్రియలు. నేలలోకి దిగితే ‘ఇంకు’. చెలమలోకి వస్తే ‘ఊరు’. పాత రాతలో దీనికి బండి ఱ ఉండేది, మనం కాపురముండే ఊరుకు ఉండేది కాదు. (ఊరగాయ కూడా ఈ బండి ఱ బంధువే. కాకపోతే ముక్క ఊరడంలో ఉప్పు పని వేరే ఉంది.) గోడకైతే చెమ్మ ‘ఎక్కు’తుంది. పునాదిమీద డీపీసీ అనే తడి నిరోధక పొర వేసేది ఆ ఎక్కడాన్ని ఆపడానికే.

తువ్వాలు నీళ్లు ‘పీల్చింది’ అనడంలో మాత్రం కొంచెం మోసముంది. నోటితో పీల్చినప్పుడు పానీయాన్ని పైకి నెట్టేది బయటి గాలి. ఇక్కడ ఆ గాలితో పనిలేదు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గాలి తీసేసిన పాత్రలో చూసినా గొట్టంలో నీరు లేచింది. అసలు సంగతి తడపడంలో ఉంది. గాజును నీరు తడుపుతుంది కాబట్టి ఎక్కుతుంది. పాదరసం తడపదు కాబట్టి అదే గొట్టంలో బయటి మట్టం కన్నా కిందికి దిగుతుంది. గింజ తీసిన పచ్చి దూదిని నీళ్లలో వేస్తే తేలుతుంది, పోగులమీద మైనం పొర ఉంటుంది మరి. ఆ దూదినే ఒత్తి చేసి ప్రమిదలో పెడితే నూనె చక్కగా ఎక్కుతుంది. మందుల షాపు దూది నీళ్లలో వెంటనే మునగడానికి కారణం ఆ మైనాన్ని ముందే తీసేయడం.

ఇంకు కిందికి, ఎక్కు పైకి. ఈ గుణానికి దిక్కుల పట్టింపు లేదు. కాగితంమీద సిరా చుక్క పడితే నాలుగు వైపులా ‘పాకు’తుంది. నా ఓటు ఈ మాటకే. దిక్కు చెప్పకపోవడం ఒక్కటే కాదు, పాకడంలో నెమ్మది కూడా ఉంది. 1918లో లూకాస్, 1921లో వాష్‌బర్న్ విడివిడిగా లెక్కగట్టింది ఆ నెమ్మదినే: అడ్డంగా పరిచిన కాగితంలో తడి రెట్టింపు దూరం పోవాలంటే నాలుగు రెట్ల సమయం పడుతుంది. వెళ్లేకొద్దీ వెనకనున్న తడి దారి పొడుగై, రాపిడి పెరుగుతుంది. మొదటి అంగుళం చకచకా నడిచి, మూడో అంగుళానికి దేకుతుంది.