జోడేఘాట్ ఆదివాసీ మ్యూజియం: స్థలం, తిథి, వస్తువు

కరీంనగర్ ప్రాంతంలోని పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాల్లో బయటపడిన శాతవాహన కాలపు వస్తువులు ఊళ్లను విడిచి పట్టణ మ్యూజియాలకు చేరాయి. ఆదిలాబాద్ కొండల్లోని జోడేఘాట్‌లో జరిగింది ఇందుకు విరుద్ధం. నిజాం పోలీసుల కాల్పుల్లో 1940లో కొమురం భీం మరణించిన చోటనే మ్యూజియం వెలసింది. 2014 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన 25 కోట్ల రూపాయల స్మారక నిర్మాణంలో ఇది భాగం. నేడు ఈ గ్రామం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఉంది. ఇక్కడ అన్ని ప్రదర్శితాల కంటే ముందుగా చదవవలసిన ఆధారం ఆ స్థలమే.

భీం పోరాటం జోడేఘాట్, బాబేఝరి పరిసరాల్లోని పన్నెండు గ్రామాల భూమికి, అడవికి సంబంధించినది. అటవీ రిజర్వుల విస్తరణ, పోడు సాగుపై నిషేధం, పట్టాలు లేని గోండుల భూములు వలస రైతుల చేతుల్లోకి పోవడం దాని నేపథ్యం. ఈ ఘటన తరువాతనే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అధ్యయనాన్ని ప్రోత్సహించింది. మార్లవాయి కేంద్రంగా ఆయన చేసిన కృషి గోండు విద్యా పథకానికీ, భూమి పట్టాల పంపిణీకీ దారితీసింది. అయితే ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రమయ్యాయి. గోండుల దృశ్య చరిత్రలో గణనీయమైన భాగం వారికి అందనంత దూరంలో ఉన్నదన్నమాట.

భీం మరణ తేదీ విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1940 సెప్టెంబర్ 1 అనీ, అక్టోబర్ 8 అనీ రచనల్లో కనిపిస్తుంది. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే వర్ధంతి జరుపుతారు. ఈ మూడింటినీ పంచాంగంతో సరిపోల్చి చూడడం అవసరం. 1940 అక్టోబర్ 1న సూర్యగ్రహణం సంభవించింది కనుక ఆ రోజు అమావాస్య. దాని ప్రకారం అక్టోబర్ 8 శుక్లపక్షపు మధ్యలో పడుతుంది. సెప్టెంబర్ 1 అమావాస్యకు సమీపం. ఆ ఏటి ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబర్ 16 ప్రాంతంలోకి వస్తుంది. అంటే ముద్రిత తేదీల్లో ఏదీ సమాజం స్మరించే తిథితో కలవదు. దీన్ని మౌఖిక సంప్రదాయపు పొరపాటుగా కొట్టివేయడం తొందరపాటే. నిండు చంద్రుడి రాత్రి అన్నది తరతరాలు గుర్తుంచుకోగల ఆనవాలు. తేదీ అలాంటిది కాదు. మ్యూజియంలో ఒక్క తేదీనే రాసి ఊరుకుంటే ఈ చర్చ మూతపడుతుంది. తిథిని, తేదీలను పక్కపక్కనే చూపడమే శాస్త్రీయం.

వస్తువుల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. జైనూరు మండలం ఉషేగావ్ ఓజా కళాకారుల డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మట్టి దిమ్మ మీద తేనెమైనపు తీగలతో రూపం చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చును పగలగొట్టక తప్పదు. కనుక ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒక్కటి కావు. అద్దాల బీరువాలో కనిపించే ఇత్తడి మూర్తి ఈ పనిలో చివరి అంకం మాత్రమే. మట్టి, మైనం, పగిలిన అచ్చు కూడా ప్రదర్శనకు అర్హమైనవే. ఓజాలు చేసే వస్తువులు గోండుల పూజల్లోనూ, పండుగల్లోనూ వాడుకలో ఉన్నవి కావడం వల్ల తయారీదారుకూ వాడుకరికీ మధ్య ఉన్న సంబంధం కూడా అందులో దాగి ఉంది.

కీక్రి వాద్యానికి ఈ మాట మరింతగా వర్తిస్తుంది. పర్ధానులు దానిని వాయిస్తూ గోండు వంశాల పుట్టుపూర్వోత్తరాలు గానం చేస్తారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలుగా గోండు సమాజం విభజన పొందిన కథ వారి నోటిలోనే నిలిచింది. ఈ అర్థంలో పర్ధాను గోండులకు కళాకారుడే కాక చరిత్రకారుడు కూడా. గానం లేని కీక్రిని గోడకు తగిలించి దాని కింద పేరు రాస్తే, గ్రంథాన్ని తీసేసి అట్టను ప్రదర్శించినట్లవుతుంది. గుస్సాడీల నెమలి ఈకల తలపాగాకు ఇంకా ఆ దుస్థితి రాలేదు. దీపావళి ముందు దండారి రోజుల్లో అది గూడేల్లో ఆడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో జోడేఘాట్ మ్యూజియం చూసేవారికి, ప్రదర్శితానికి సరైన వ్యాఖ్యానం పక్క గూడెంలోనే దొరుకుతుంది.